ఇంటి లోపలి తలుపులకి, గుమ్మాలకి పెయింటు: మన తేమ గాలికి నిలబడేలా వేసుకోవడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంటికి రంగులు వేయిస్తున్నామంటే అందరి ధ్యాసా గోడల మీదే ఉంటుంది. హాలుకి ఏ షేడు, ఎలివేషన్‌కి ఏ షేడు అని కార్డు ముందేసుకుని వారం పాటు చర్చలు నడుస్తాయి, తలుపుల మాట వచ్చేసరికి మాత్రం "వాటికేముందండీ, ఒక ఎనామిల్ డబ్బా తెచ్చి కొట్టించేద్దాం" అని తేల్చేస్తారు. కానీ ఇంట్లో రోజూ చేయి తగిలేది తలుపుకే. వంటింటి నూనె చేతులు, పూజ చేసిన పసుపు చేతులు, బడి నుంచి వచ్చిన పిల్లల చేతులు అన్నీ దాని మీదే పడతాయి. వానాకాలం ఉబ్బి బిగుసుకుపోయేదీ, అడుగున పెచ్చులు లేచేదీ, వేసిన రెండేళ్ళకే పసుపు పచ్చగా మారిపోయేదీ కూడా అదే.

మనది సముద్రపు గాలి తగిలే నేల, ఏడాదిలో సగం రోజులు గాలిలో తేమ ఉంటుంది. తలుపు పెయింటుకి అసలు శత్రువు ఆ తేమే. ఏ కంపెనీ డబ్బా కొన్నారన్నది దాని తర్వాతి మాట. చెక్కలోకి తేమ పోకుండా అన్ని వైపులా మూసేశారా లేదా, మూసేటప్పటికి లోపల తేమ ఉందా లేదా, ఈ రెండూ సరిగ్గా చూసుకుంటే మామూలు ఎనామిల్ అయినా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అందుకే కింద చెప్పినవన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ఇంకో మాట, పట్నాల్లో వీడియోలు చూసి చెక్క స్కర్టింగు, గోడ చుట్టూ చెక్క పట్టీల గురించి కంగారు పడకండి. మన ఇళ్ళలో స్కర్టింగు టైలో గ్రానైటో ఉంటుంది. మనకి రంగు పడేవి ద్వారబంధాలు, తలుపు రెక్కలు, కిటికీ చట్రాలు, వెంటిలేటర్లు, గోడ అల్మరా తలుపులు, వాటి చుట్టూ కొట్టిన బీడింగు. పాత పెంకుటిళ్ళలో అయితే దూలాలూ, మండువా స్తంభాలూ కూడా లెక్కలోకి వస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

విజయనగరంలో చాలామంది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారని దసరా ముందు రంగుల పని పెట్టుకుంటారు. పండగ విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, అంటే పని సెప్టెంబరు, అక్టోబరులో పడుతుంది. తలుపుల విషయంలో అంతకంటే చెడ్డ సమయం లేదు. జూన్ నుంచి వానలు తాగి తాగి చెక్క అప్పటికి నిండుగా ఉంటుంది. దానికి తోడు మనకి పెద్ద తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. తడి చెక్క మీద ఎనామిల్ కొడితే లోపలి తేమ బయటికి పోయే దారి లేక ఆగిపోతుంది, ఎండలు ముదిరేసరికి పెయింటుని లోపలి నుంచి తోసి పొక్కులు లేపుతుంది. అప్పుడు పెయింటరుని తిట్టుకుంటాం, తప్పు మాత్రం నెల ఎంచుకోవడంలో ఉంటుంది.

మంచి రోజులు సంక్రాంతి దాటాక మొదలవుతాయి. అరసవల్లి రథసప్తమి అటూ ఇటూ, అంటే జనవరి చివర నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, ఎండ మరీ మండదు, పెయింటు తీరిగ్గా సాగి సమంగా ఆరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కూడా వేయచ్చు కానీ వేడికి ఎనామిల్ బ్రష్ కిందే బిగుసుకుంటుంది, గీతలు పడిపోతాయి, పొద్దున్నే చేసుకోవాలి. సంక్రాంతికి ముందే అయిపోవాలి అనుకునేవాళ్ళు డిసెంబరులో పొద్దున మంచు పూర్తిగా విడిచాక మొదలుపెట్టి మధ్యాహ్నం మూడు లోపు బ్రష్ కింద పెట్టేయండి. సాయంత్రం వేసిన కోటు మీద రాత్రి చెమ్మ పడితే పొద్దుటికి మెరుపు పోయి తెల్లగా మసకబారిపోతుంది.

చెక్కలో తేమ ఉందో లేదో తెలుసుకోడానికి మీటర్లు అక్కర్లేదు. వేసవిలో ఒక్క వేలితో తోస్తే పడే తలుపు ఇప్పుడు భుజం పెట్టాల్సి వస్తోందంటే అది ఇంకా ఉబ్బే ఉంది. ఆగండి. దసరాకి ఇల్లు మెరవాల్సిందే అంటే గోడలు కానిచ్చేసి, తలుపులు శుభ్రంగా కడిగి తుడిచి వదిలేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. అలాగే వానాకాలంలో బిగుస్తోందని వెంటనే వడ్రంగిని పిలిచి బాగా చిత్రిక పట్టించేయకండి, ఫిబ్రవరి వచ్చేసరికి అదే తలుపు సన్నబడి పక్కన సందు కనిపిస్తుంది.

ఏ పెయింటు

షాపులో మూడు రకాలు చూపిస్తారు. మొదటిది అందరికీ తెలిసిన సింథటిక్ ఎనామిల్, నూనె పెయింటు అనేదీ దీన్నే, టర్పెంటైన్‌తో పలచన చేసేది. గట్టిగా ఉంటుంది, మెరుపు బాగుంటుంది, ధర అందుబాటులో ఉంటుంది, పాత ఎనామిల్ మీద హాయిగా కూర్చుంటుంది. లోపం ఏంటంటే వాసన రెండు మూడు రోజులు వదలదు, తెలుపు, క్రీము షేడ్లు కాలక్రమేణా పసుపు తిరుగుతాయి. వెలుతురు తగలని చోట ఇంకా త్వరగా తిరుగుతాయి. అల్మరా తలుపు తీసి లోపలి వైపు చూడండి, బయటి వైపు కంటే లోపలే ఎక్కువ పసుపు తేలి ఉంటుంది. అది మురికి కాదు, ఆ పెయింటులోని నూనె గుణం.

రెండోది నీళ్ళతో కలిపే ఎనామిల్, వాటర్ బేస్ అంటారు. వాసన తక్కువ, గంటలోపే చేతికి అంటకుండా ఆరుతుంది, మూడు నాలుగు గంటలకి రెండో కోటు వేసుకోవచ్చు, తెలుపు తెలుపులాగే ఉంటుంది. చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో నేను ఇదే వేయమంటాను. అయితే దీనికి ఓపిక కావాలి. పైకి త్వరగా ఆరినా లోపల గట్టిపడడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా తలుపు గట్టిగా మూసి గడియ పెట్టారంటే తీసేటప్పుడు ద్వారబంధానికి అతుక్కుని పెచ్చు ఊడి వస్తుంది. మెరుపు కూడా సింథటిక్ అంత అద్దంలా రాదు.

మూడోది పీయూ, అంటే పాలీయురేథేన్ ఎనామిల్. బాగా గట్టిది, గీతలు తక్కువ పడతాయి, ఖరీదు ఎక్కువ. మెయిన్ డోరుకి, స్నానాల గది తలుపు లోపలి వైపుకి పెట్టిన డబ్బు దండగ కాదు. ఇల్లంతా అక్కర్లేదు.

నా లెక్క అడిగితే పూజగదికీ, వంటింటికీ, తెల్లటి తలుపులకీ వాటర్ బేస్, మిగతా రంగు తలుపులకీ కిటికీలకీ సింథటిక్. డబ్బాల్లో పెయింటర్లకి టోకెన్లు, పాయింట్లు పెట్టే పద్ధతి చాలా కంపెనీలకి ఉంది కాబట్టి పెయింటరు ఒక బ్రాండే గట్టిగా చెప్తుంటే కారణం అదీ కావచ్చు. పేరున్న ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, కానీ ప్రైమరు (పెయింటు పట్టేందుకు ముందుగా వేసే అడుగు కోటు), పెయింటు రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి. మూత మీద తయారీ తేదీ కూడా చూడండి.

మెరుపు సంగతికొస్తే, ఫుల్ గ్లాసీ తుడుచుకోడానికి సుఖం, కానీ చెక్క మీద ఉన్న ప్రతి సొట్టనీ వెలుతురులో చూపించేస్తుంది. పాత తలుపులకి సగం మెరుపుండే సాటిన్ ఫినిష్ మేలు, సగం లోపాలు కళ్ళకి ఆనవు. మెరుపే లేని మ్యాట్ మాత్రం తలుపులకి వద్దు, రెండు నెలల్లో గడియ చుట్టూ చేతి మరకలు నల్లగా కనిపిస్తాయి, రుద్దితే రంగే పోతుంది. రంగు మీ ఇష్టం. గోల్డెన్ బ్రౌన్, డార్క్ బ్రౌన్ మురికి దాస్తాయి, చిన్న గదిని మరీ చీకటి చేస్తాయి. స్మోక్ గ్రే మధ్యస్థంగా ఉంటుంది. ఊళ్ళలో పాత ఇళ్ళకి ఉండే ఆకుపచ్చ తలుపు, ఫిరోజా కిటికీ నాకు ఇప్పటికీ చాలా ఇష్టం, సున్నం గోడ పక్కన వాటి అందమే వేరు. తాతలనాటి ఇల్లయితే ఆ రంగులు మార్చకండి.

ఎంత కొనాలంటే, 7 అడుగుల ఎత్తు 3 అడుగుల వెడల్పు తలుపుకి ఒక వైపు 21 చదరపు అడుగులు, రెండు వైపులా 42. అంచులు, ద్వారబంధం కలిపితే 60 దాకా వస్తుంది. లీటరు ఎనామిల్ ఒక కోటుకి నూరు, నూట ఇరవై చదరపు అడుగులు లాగుతుంది. కాబట్టి తలుపు, గుమ్మం కలిపి రెండు కోట్లకి ఇంచుమించు లీటరు, ఒక కోటు ప్రైమరుకి అర లీటరు. పాత చెక్క పీల్చుకుంటే ఇంకాస్త.

కడగడం, గీకడం

పని మొత్తంలో సగం సమయం ఇక్కడే పోవాలి. ముందు గడియలు, టవర్ బోల్టులు, హ్యాండిళ్ళు విప్పేయండి, ఒక్కో తలుపు స్క్రూలు ఒక్కో కవర్లో వేసి దాని మీద ఏ గది అని రాయండి. బందులు విప్పలేకపోతే మాస్కింగ్ టేపు చుట్టండి. పెయింటు మెత్తిన బందు కిర్రుమంటుంది, తర్వాత స్క్రూ తిరగదు.

మన గుమ్మాల మీద ఉండే జిడ్డు వేరు. గడపకీ ద్వారబంధానికీ ఏళ్ళ తరబడి పూసిన పసుపు, కుంకుమ, గంధం, తోరణం మేకుల చుట్టూ తుప్పు, పూజగది తలుపు పైభాగాన దీపం మసి, సాంబ్రాణి పొగ, వంటింటి తలుపు మీద పోపు నూనె పొర. వీటి మీద నేరుగా ఎమరీ పేపరు రుద్దితే జిడ్డు చెక్కలోకి ఇంకా లోపలికి పోతుంది, పైన వేసిన రంగు పట్టదు. అందుకని ముందు సర్ఫు నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో కడగాలి. గడప దగ్గర సర్ఫు నీళ్ళు తగలగానే పసుపు మరక ఒక్కసారిగా ఎర్రగా మారుతుంది, రంగు పాడైందని కంగారు పడకండి, సబ్బులోని క్షారం తగిలితే పసుపు అలాగే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు పోయేదాకా రెండు మూడు సార్లు తుడిచి, చివరికి ఉత్త నీళ్ళ గుడ్డతో తుడవాలి. సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఉండేవాళ్ళు మంచి నీళ్ళతో ఇంకోసారి తుడవాలి, ఉప్పు పొర కంటికి కనపడకపోయినా ఉంటుంది, ఉప్పు తేమని లాగుతుంది. తర్వాత ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి.

పాత పెయింటు గట్టిగా ఉందా లేదా చూడాలంటే బ్లేడుతో అడ్డంగా నిలువుగా నాలుగైదు గీతలు గీసి, దాని మీద టేపు అతికించి చర్రున లాగండి. టేపుతో పెచ్చులు వచ్చేస్తే ఆ తలుపు మొత్తం గీకాల్సిందే. రాకపోతే పైపైన గరుకు చేస్తే చాలు. అది నూనె పెయింటా నీళ్ళ పెయింటా అన్నది తెలియకపోతే దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక మూల గట్టిగా రుద్దండి, రంగు మెత్తబడి దూదికి అంటితే నీళ్ళది, అంటకపోతే నూనెది. పాత నూనె ఎనామిల్ మీద నీళ్ళ ఎనామిల్ వేయాలంటే మెరుపు మొత్తం చచ్చేదాకా ఎమరీ పట్టి, ప్రైమరు వేశాకే వేయాలి. మెరుపు మీద నేరుగా వేస్తే గోటితో గీకినా తొక్కలా లేచి వస్తుంది.

ఎమరీ పేపరు పాత పెచ్చులకి 80 నంబరు, తర్వాత 120, ప్రైమరు ముందు 180, కోట్ల మధ్య 320 వాటర్ పేపరు. ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దిన గీతలు గ్లాసీ పెయింటు కింద కూడా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక్క విషయం నిజంగా మనసులో పెట్టుకోవాలి. మన దేశంలో ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2016లో తెచ్చారు, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకు ముందు వేసిన పాత ఎనామిల్ పొరల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉండే అవకాశం బాగా ఉంది. ఆ పొడి పిల్లల ఒంట్లోకి పోతే వాళ్ళ మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. అందుకని పాత ఇంటి తలుపులు పొడిగా గీకకండి, మెషీను అసలు పెట్టకండి. నీళ్ళు చల్లి వాటర్ పేపరుతో తడితడిగా రుద్దండి, మాస్కు పెట్టుకోండి, కింద పరిచిన పేపర్లు మడిచి అలాగే పారేయండి, చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రెండు రోజులు ఇంకో చోట ఉంచండి.

లప్పం, ప్రైమరు

మేకుల కన్నాలకీ పగుళ్ళకీ లప్పం పెట్టాలి కానీ గోడలకి వాడే వైట్ సిమెంట్ పుట్టీ కాదు. చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది, సిమెంట్ లప్పం దానితో పాటు కదల్లేక పగిలి రాలిపోతుంది. షాపులో వుడ్ పుట్టీ అని అడగండి. ముందు ఒక కోటు ప్రైమరు వేసి, దాని మీద లప్పం పెట్టి, ఆరాక రుద్ది, లప్పం పెట్టిన చోట్ల మళ్ళీ ప్రైమరు తాకించాలి. ఉత్త చెక్క మీద నేరుగా లప్పం పెడితే అందులోని నూనెని చెక్క పీల్చేసి అది పొడిపొడిగా మిగులుతుంది. చెద ఉన్నట్టు అనుమానం ఉంటే స్క్రూడ్రైవరుతో గుమ్మం అడుగున పొడిచి చూడండి, దిగిపోతే ముందు చెద మందు పని, ఆ తర్వాతే రంగు.

చెక్కని బట్టి కొద్దిగా మారుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, ప్రైమరు ముందు టర్పెంటైన్ గుడ్డతో ఒకసారి తుడవండి. ఉద్దానం వైపు పనస చెక్క తలుపులు చాలా ఉంటాయి, ఊళ్ళలో నల్లతుమ్మ గుమ్మాలూ కనిపిస్తాయి. ఈ చెక్కల్లో సొంత రంగు ఎక్కువ, తెల్ల వాటర్ బేస్ నేరుగా వేస్తే లేత గోధుమ మరకలు పైకి తేలతాయి. వాటికి ఆయిల్ బేస్ వుడ్ ప్రైమరు వేసి పూర్తిగా ఆరాక పైన వాటర్ ఎనామిల్ వేసుకోండి. ముడులున్న చోట బంక కారుతుంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క రెండుసార్లు పూసి మూసేయాలి. ఇనుప చట్రాలు, కిటికీ ఊచలు అయితే తుప్పు వైర్ బ్రష్‌తో పోయేదాకా గీకి అదే రోజు రెడ్ ఆక్సైడ్ (ఇనుముకి తుప్పు పట్టకుండా వేసే ప్రైమరు) వేసేయాలి, మన గాలికి రాత్రి వదిలితే పొద్దుటికి మళ్ళీ తుప్పు పొర వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. తలుపుకి మనకి కనిపించేవి రెండు వైపులు, కానీ దానికి ఉన్నవి ఆరు. ముందు, వెనక, రెండు పక్క అంచులు, పైఅంచు, కిందిఅంచు. పెయింటరు నాలుగు వేస్తాడు, పైనా కిందా వదిలేస్తాడు. "ఎవరు చూస్తారండి బాబూ అక్కడ" అంటాడు. ఎవరూ చూడరు, నిజమే, తేమ మాత్రం సరిగ్గా అక్కడి నుంచే ఎక్కుతుంది. నిలువు పట్టీల చెక్క పీచు కొసలు తెరుచుకుని ఉండేది పైనా కిందానే, ఆ కొసల నుంచి చెక్క నీళ్ళని దీపపు వత్తి నూనెని లాగినట్టు లాగుతుంది. ఇల్లు తుడిచిన ప్రతిసారీ తడి మాపు తగిలేది కిందిఅంచుకే. ప్లైతో చేసిన నున్నటి ఫ్లష్ డోర్లయితే మరీ దారుణం, అడుగున నీళ్ళు పోయి లోపలి ప్లై పొరలు విడిపోతాయి, స్నానాల గది తలుపు కింద నల్లగా కుళ్ళి చీలికలు లేచి ఉండడం మీరు చూసే ఉంటారు.

అందుకని వీలుంటే తలుపు బందుల నుంచి దింపించి, రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, పై కింది అంచులకి రెండు కోట్లు ప్రైమరు, రెండు కోట్లు పెయింటు పట్టించండి. దింపడం కుదరకపోతే పైఅంచుకి స్టూలెక్కి వేయచ్చు, కిందిఅంచుకి పాత రేషను కార్డులాంటి పలుచని అట్టకి స్పాంజి ముక్క అతికించి, పెయింటులో ముంచి సందులోంచి పోనిచ్చి రుద్దాలి. పని అయిందని పెయింటరు చెప్పాక నేల మీద చిన్న చేతి అద్దం పెట్టి, ఫోను టార్చి వేసి తలుపు అడుగు చూడండి. ఉత్త చెక్క కనిపిస్తే డబ్బులిచ్చే ముందే చెప్పండి. ఈ ఒక్కటి పట్టుబట్టి చేయించుకుంటే వానాకాలం బిగుసుకోవడం చాలా మటుకు తగ్గుతుంది.

బ్రష్ పట్టాక

నూనె ఎనామిల్‌కి పంది వెంట్రుకల బ్రష్, నీళ్ళ ఎనామిల్‌కి నైలాను బ్రష్. వెంట్రుకల బ్రష్ నీళ్ళ పెయింటులో మెత్తబడి చతికిలబడుతుంది. రెండంగుళాలది ఒకటి, సందులకి అంగుళంది ఒకటి, ఫ్లష్ డోరుకి నాలుగంగుళాల చిన్న రోలరు. బ్రష్ దగ్గర పిసినారితనం చేయకండి, ఊడిన వెంట్రుక గ్లాసీ పెయింటులో ఇరుక్కుంటే తలుపు ఉన్నంత కాలం కనిపిస్తుంది.

నూనె ఎనామిల్‌ని టర్పెంటైన్‌తోనే పలచన చేయాలి, అదీ లీటరుకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు. కిరోసిన్ కలిపితే సులువుగా జారుతుంది కానీ జిడ్డు మిగులుతుంది, మెరుపు చస్తుంది, రోజులు గడిచినా చేతికి అంటుతూనే ఉంటుంది. ఎన్.సి. థిన్నర్ పోస్తే ఇంకా ప్రమాదం, అది ఘాటుది, కింది కోటుని కదిపి ముడతలు లేపుతుంది. మీ కళ్ళ ముందే కలిపించండి. డబ్బాలో మీగడ కట్టి ఉంటే దాన్ని కలిపేయకుండా తీసేసి, పాత నైలాను చీర ముక్కలో వడకట్టండి.

వేసే గంట ముందు గది ఊడ్చి, నేల మీద కాసిని నీళ్ళు చిలకరించి, ఫ్యాను ఆపేయండి. ఎగిరే దుమ్ము పెయింటులో పడి ఇసుకలా తగలడం దీంతో సగం తగ్గుతుంది. కిటికీలు మాత్రం తెరిచే ఉంచండి. టర్పెంటైన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి పూజగదిలో దీపం, వంటింట్లో పొయ్యి ఆ పూట ఉండకూడదు. నూనె పెయింటు తుడిచిన గుడ్డలు కూడా ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, నీళ్ళ బకెట్లో ముంచండి లేదా ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

పలకలు బిగించిన చెక్కుడు తలుపుకి ముందు లోపలి పలకలు, తర్వాత అడ్డ పట్టీలు, తర్వాత నిలువు పట్టీలు, చివర అంచులు. ఈ వరసలో వేస్తే ఒక దాని బ్రష్ గీతలు ఇంకోదాని అంచుతో సరిగ్గా తెగి, వడ్రంగి అతుకులు ఎక్కడున్నాయో రంగు కూడా అక్కడే మలుపు తిరుగుతుంది. పలకల మూలల్లో పెయింటు నిలబడి కాసేపటికి కారుతుంది, పది నిమిషాలాగి ఒకసారి తిరిగి చూసి పొడి బ్రష్‌తో లాగేయండి. ఫ్లష్ డోరుకి రోలరుతో సగం పరిచి, తడి ఆరకముందే బ్రష్ కొనతో పై నుంచి కిందికి ఒక్క లాగు లాగుతూ పోవాలి, మధ్యలో ఫోను మాట్లాడ్డానికి వెళ్తే వచ్చేసరికి అతుకు గీత పడిపోతుంది. రెండు గదులకి రెండు రంగులైతే తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటుందో గడియ వైపు అంచుకి ఆ గది రంగు, బందుల వైపు అంచుకి అవతలి గది రంగు వేయాలి, అప్పుడు తెరిచినా మూసినా తేడాగా అనిపించదు.

మందంగా ఒక్క కోటు కంటే పలచగా రెండు కోట్లు. మందపు కోటు పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. సింథటిక్‌కి కోటుకీ కోటుకీ మధ్య కనీసం ఒక రాత్రి, ముసురు పట్టి ఉంటే రెండు. మధ్యలో 320తో తేలిగ్గా రుద్ది తడిగుడ్డతో తుడవండి. మాస్కింగ్ టేపు ఆఖరి కోటు ఇంకా తడిగా ఉండగానే తీసేయాలి, గట్టిపడ్డాక లాగితే అంచు వెంట పెయింటు చీలుతుంది. గోడల పని కూడా ఉంటే గోడకి మొదటి కోటు, తర్వాత తలుపులు, చివర్లో గోడ ఆఖరి కోటు, ఈ వరస బాగుంటుంది.

అయిపోయాక

తలుపు వారం పాటు గట్టిగా మూయకండి. రాత్రి మూయక తప్పని గదయితే ద్వారబంధానికి తగిలే చోట సన్నటి పాలిథీన్ కాగితం పెట్టి దగ్గరికి వేయండి, న్యూస్‌పేపరు వద్దు, అక్షరాలు అంటుకుంటాయి. గడియలు మూడో రోజు బిగించుకోవచ్చు. గడపకి పసుపు రాసేది, బొట్లు పెట్టేది పది రోజులు ఆగి మొదలుపెట్టమని ఇంట్లో ఆడవాళ్ళకి, ముఖ్యంగా పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించండి, శుక్రవారం వచ్చిందంటే ఆగరు. తోరణానికి మేకులు కొట్టకుండా రెండు చిన్న స్క్రూ కొక్కేలు పెయింటు ముందే బిగించుకుంటే ప్రతి పండక్కీ కొత్త కన్నం పడదు, తేమకి కొత్త దారి ఇచ్చినట్టూ అవదు.

నెలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు, ఫినాయిలూ యాసిడ్లూ తలుపు అంచుకి తగలనివ్వకండి. మిగిలిన పెయింటు మీద చెంచాడు టర్పెంటైన్ పోసి, కలపకుండా మూత గట్టిగా కొట్టి నీడలో పెట్టండి. వాటర్ బేస్ అయితే ఉత్తి మూత చాలు. షేడు కోడు, ఏ గది, ఏ నెల అన్నది డబ్బా మీద మార్కరుతో రాయండి. ఏటా వానలకి ముందు, మే నెలాఖరున, కిందిఅంచులు ఒకసారి అద్దంతో చూసి, పెచ్చు లేచిన చోట రుద్ది ఆ పెయింటే రెండు కోట్లు తాకించేయండి.